రెండు పేటల తాడు

జేమ్స్ వాట్సన్ 1968లో ప్రచురించిన 'ద డబుల్ హీలిక్స్' పుస్తకాన్ని సైన్సు వాళ్ళు సైన్సు చరిత్రగా చదువుతారు. సాహిత్యం చదువుకున్న నాకు అది మొదటి పేజీల నుంచే నవలగా కనిపించింది. కథ చెప్పే ఇరవై మూడేళ్ళ కుర్రవాడు, అతనికో వాగుడుకాయ స్నేహితుడు, సముద్రానికి అవతల ఒక మహా ప్రత్యర్థి, ఎలాగైనా చేజిక్కించుకోవలసిన నిధి... ఇన్ని ఉన్నాక ఆ నిధికి కాపలా కాసే రాక్షసి కూడా ఉండాలి కదా! ఆ పాత్రకు రచయిత పెట్టిన పేరు 'రోజీ'. అసలు మనిషి పేరు రోజలిండ్ ఫ్రాంక్లిన్. ఆమె లేనప్పుడు మాత్రమే అలా పిలిచేవాళ్ళమని రచయితే ఒప్పుకున్నాడు.

క్రిక్ పాత్ర ప్రవేశించినప్పుడు మనకు ముందు అతని గొంతు, నవ్వు, ఆలోచనల వేగం తెలుస్తాయి. ఫ్రాంక్లిన్ ప్రవేశించినప్పుడు ఆమె లిప్‌స్టిక్ వేసుకోదని, బట్టల మీద శ్రద్ధ లేదని, కాస్త ముస్తాబైతే బాగుండేదని తెలుస్తుంది. ఆమె చేస్తున్న పని ఏమిటో, ఎందుకంత కష్టమో తెలియడానికి ఇంకో పుస్తకం వెతుక్కోవాలి. కథనంలో ఎవరి కళ్ళతో చూస్తున్నామన్నది ఎంత ముఖ్యమో విద్యార్థులకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. రాతప్రతి చదివిన క్రిక్, విల్కిన్స్ ఇద్దరూ అభ్యంతరం చెప్పడంతో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ఆ పుస్తకాన్ని వదులుకుంది. ఇంకో ప్రచురణకర్త వేశాడు, లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. అభ్యంతరం చెప్పగలిగిన మూడో మనిషి అప్పటికి చనిపోయి పదేళ్ళు. చివర్లో అనుబంధంగా రాసిన కొద్ది మాటల్లో వాట్సన్ ఆమె ప్రతిభనూ ధైర్యాన్నీ మెచ్చుకున్నాడు. నిజమే. కానీ నవలంతా చదివి మనసులో ఒక బొమ్మ గీసుకున్న పాఠకుడికి అనుబంధం ఎంతవరకు గుర్తుంటుంది?

తెలుగు సాహిత్యంలో పనిచేసే మనకు ఇలాంటివి కొత్తవి కావు. 1902లో వచ్చిన బండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' ఉండగానే 1910 నాటి 'దిద్దుబాటు'ను తొలి తెలుగు కథగా దశాబ్దాల పాటు చదువుకున్నాం, చదివించాం. అయితే ఈ రెండు సంగతులకూ ఒక తేడా ఉంది. అచ్చమాంబను చూడలేదు. ఫ్రాంక్లిన్‌ను చూశారు, ఆమె చేసిన పనిని వాడుకున్నారు కూడా. అందుకే డీఎన్‌ఏ కథను కొంచెం వివరంగా తెలుసుకోవాలి. అసలు ఆమె ఏం కనిపెట్టింది అన్నది తెలియకుండా "అన్యాయం జరిగింది" అని మాత్రమే చెబుతూ పోతే మనమూ ఆమె పనిని పక్కనపెట్టినట్టే అవుతుంది.

మొదట ఆ అణువు సంగతి. డీఎన్‌ఏను జడతో పోల్చడం మనవాళ్ళకు అలవాటు. పోలిక అందంగా ఉంది గాని తప్పు. జడకు మూడు పాయలు, డీఎన్‌ఏకు రెండే. తమాషా ఏమిటంటే 1951 చివర్లో వాట్సన్, క్రిక్ కట్టిన మొదటి నమూనాకూ, 1953 మొదట్లో అమెరికాలో లైనస్ పాలింగ్ ప్రకటించిన నమూనాకూ మూడు పాయలే! రెండూ తప్పే. అసలు డీఎన్‌ఏ రెండు పేటలు మెలేసిన తాడు. ఒక్కో పేటకు చక్కెర, ఫాస్ఫేటు వెన్నెముక. ఆ వెన్నెముకలు బయటి వైపు ఉంటాయి, లోపలి వైపు నిచ్చెన మెట్లలాగా నాలుగు రకాల క్షారాలు. వాటిని ఎ, టి, జి, సి అంటారు. ఒక పేటలో ఎ ఉన్నచోట రెండో పేటలో టి, జి ఉన్నచోట సి. తాడు మందం రెండు నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో ఐదు లక్షలో వంతు. సుమారు పది మెట్లకు ఒక మెలిక పూర్తవుతుంది. ఇంకొకటి, రెండు పేటలూ ఒకే దిక్కుకు పోవు. ఒకటి పైకి, ఒకటి కిందికి. ఈ ఎదురు నడక సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

ఫ్రాంక్లిన్ 1920లో లండన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టింది. 1938లో కేంబ్రిడ్జిలోని న్యూనమ్ కళాశాలలో చేరింది. ఆ రోజుల్లో అక్కడ ఆడపిల్లలు పరీక్షలు రాయొచ్చు, ప్రథమ శ్రేణిలో పాసవ్వొచ్చు, కానీ చేతికొచ్చేది పేరుకు మాత్రమే పట్టా. పూర్తి పట్టా హక్కు స్త్రీలకు 1948లో గాని రాలేదు. యుద్ధ కాలంలో ఆమె బొగ్గు మీద పరిశోధన చేసింది. బొగ్గులో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి, వాటిలోకి ఏ వాయువు దూరుతుంది, ఏది దూరదు అన్నది ఆమె లెక్క. ఆ పనికే 1945లో డాక్టరేట్ వచ్చింది. 1947 నుంచి నాలుగేళ్ళు పారిస్‌లో ఉండి ఎక్స్‌రేలతో పదార్థాల లోపలి అమరికను చదవడం నేర్చుకుంది. ఆమె జీవితంలో బాగా సంతోషంగా గడిచిన కాలం అదేనని జీవితచరిత్రకారులు అంటారు. అంటే లండన్‌లోని కింగ్స్ కాలేజీకి 1951 జనవరిలో వచ్చేనాటికి ఆమె ఎవరి దగ్గరో సహాయకురాలిగా చేరడానికి వచ్చిన అమ్మాయి కాదు, తన రంగంలో పేరున్న పరిశోధకురాలు.

గొడవ అక్కడే మొదలైంది. డీఎన్‌ఏ ఎక్స్‌రే పని నీకూ, పరిశోధక విద్యార్థి రేమండ్ గాస్లింగ్‌కూ అప్పగిస్తున్నానని విభాగాధిపతి జాన్ రాండల్ 1950 డిసెంబరులో ఆమెకు ఉత్తరం రాశాడు. అదే పని అంతకుముందు నుంచీ చేస్తున్న మారిస్ విల్కిన్స్‌కు మాత్రం ఆ సంగతి చెప్పలేదు. ఆమె తన బృందంలో చేరడానికి వచ్చిందని విల్కిన్స్, ఈ పని పూర్తిగా తనదేనని ఆమె. ఒక అధికారి చెప్పకుండా దాచిన మాట ఇద్దరు మంచి శాస్త్రజ్ఞులను రెండేళ్ళు శత్రువులను చేసింది. ఆ తర్వాత రాసిన వాళ్ళంతా దాన్ని 'ఆమె స్వభావం' అన్నారు. ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్ళకు ఈ తర్కం వివరించనక్కర్లేదు. కింగ్స్‌లో మగ అధ్యాపకులకు మాత్రమే ప్రవేశం ఉన్న గది కూడా ఉండేది. అయితే ఆ విభాగంలో ఇంకా కొందరు మహిళా శాస్త్రజ్ఞులు పనిచేసేవారన్నదీ నిజం, అందరి అనుభవమూ ఫ్రాంక్లిన్‌ది లాంటిది కాదు.

ఆమె పని ఎలా సాగిందో చూడండి. జిగురులా ఉండే డీఎన్‌ఏ నుంచి వెంట్రుక కంటే సన్నని పోగు లాగాలి. దాని చుట్టూ ఉన్న గాలిలో తేమను ఉప్పు ద్రావణాలతో అదుపులో పెట్టాలి. గంటల కొద్దీ ఎక్స్‌రేలు పంపించాలి. ఈ తేమ అదుపులోనే ఆమె మొదటి పెద్ద విజయం ఉంది. డీఎన్‌ఏ రెండు రూపాల్లో ఉంటుందని ఆమె తేల్చింది. తేమ తక్కువైతే కురచగా, స్ఫటికంలా కుదురుకునే 'ఎ' రూపం, తేమ ఎక్కువైతే సాగి పొడవయ్యే 'బి' రూపం. అంతకుముందు తీసినవాళ్ళ చిత్రాలు మసకగా రావడానికి ఒక కారణం రెండు రూపాలూ కలిసిపోయి ఉండటం. నీటిని అంత సులువుగా పీల్చుకుంటోందంటే ఫాస్ఫేట్లు బయటే ఉండాలని కూడా ఆమె వాదించింది. 1951 నవంబరులో ఈ విషయాల మీద ఆమె ఇచ్చిన ప్రసంగం వాట్సన్ విన్నాడు, నోట్సు రాసుకోలేదు, నీటి లెక్క తప్పుగా గుర్తుపెట్టుకున్నాడు. ఆ లెక్కతో కట్టిందే ఆ మూడు పాయల నమూనా. ఫ్రాంక్లిన్ కేంబ్రిడ్జికి వెళ్ళి చూసి అది నిలబడదని అక్కడికక్కడే చెప్పేసింది. ఆమె పొగరుకు ఉదాహరణగా చాలామంది ఈ ఘట్టాన్నే చూపిస్తారు. తప్పును తప్పనడం పొగరెలా అయిందో!

1952 మే నెలలో ఆమె పర్యవేక్షణలో గాస్లింగ్ తీసిన 'బి' రూపపు చిత్రమే ఇప్పుడు లోకమంతా తెలిసిన 'ఫోటో 51'. మధ్యలో నల్లని మచ్చలు గుణకారం గుర్తులాగా పేర్చి ఉంటాయి. ఆ గుర్తు చెప్పేది మెలిక ఉందని. 1953 జనవరి చివర్లో విల్కిన్స్ ఈ చిత్రాన్ని ఆమెతో చెప్పకుండా వాట్సన్‌కు చూపించాడు. నాటకాల్లో, డాక్యుమెంటరీల్లో ఇదే పతాక సన్నివేశం. నిజానికి విల్కిన్స్ దాన్ని దొంగిలించలేదు. ఫ్రాంక్లిన్ కింగ్స్ వదిలి వెళ్ళబోతోంది, గాస్లింగ్ మళ్ళీ విల్కిన్స్ కిందికి వస్తున్నాడు, అతనే ఇచ్చాడు. ఫోటో కంటే పెద్ద సహాయం చేసింది ఒక నివేదిక. 1952 డిసెంబరులో కింగ్స్ విభాగం వైద్య పరిశోధన మండలికి సమర్పించిన ఆ నివేదికలో ఫ్రాంక్లిన్ కొలతలున్నాయి. మండలి సంఘంలో సభ్యుడైన మాక్స్ పెరూజ్ దాన్ని క్రిక్ చేతికిచ్చాడు. అందులో స్ఫటికపు సౌష్ఠవం గురించిన ఒక వాక్యం చదవగానే క్రిక్‌కు రెండు పేటలూ ఎదురెదురు దిక్కులకు పోతున్నాయని స్ఫురించింది. అతను తన సిద్ధాంత గ్రంథం కోసం చదువుతున్న ప్రోటీనుకూ అదే సౌష్ఠవం. ఆ కొలత ఆమెది, ఆ స్ఫురణ అతనిది. రెండూ ఒప్పుకోవాలి. ఒప్పుకోవలసింది ఇంకొకటి ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు. నివేదిక రహస్యమేమీ కాదని చాలా ఏళ్ళ తర్వాత వివరణ ఇచ్చుకున్న పెరూజ్ కూడా, రాండల్ అనుమతి అడగాల్సిందన్నాడు. ఫ్రాంక్లిన్ అనుమతి అనలేదు!

మన స్త్రీవాద కథనాల్లోనూ ఒక లోపం ఉంది. ఆమెను ఉత్త బాధితురాలిని చేస్తాం. ఇంకొందరు ఆమె అన్నీ ముందే కనిపెట్టేసిందంటారు. 1952 జూలైలో ఆమె, గాస్లింగ్ కలిసి డీఎన్‌ఏ మెలిక చనిపోయిందని నల్ల అంచు వేసి ఒక ఉత్తుత్తి చావు కబురు కార్డు రాశారు. 'ఎ' రూపంలో మెలిక ఉందనడానికి ఆధారాలు చాలవని వాళ్ళ ఎగతాళి. ఆ రూపం విషయంలో కొన్నాళ్ళు ఆమె తప్పు దారిలోనే ఉంది. 1953 ఫిబ్రవరి చివరికి ఆమె నోటుపుస్తకంలో రెండు రూపాలకూ రెండేసి పేటలున్నాయన్న నిర్ణయం కనిపిస్తుంది. ఎ-టి, జి-సి జతలు ఒకే కొలతలో మెట్లలా కుదురుతాయన్నది మాత్రం వాట్సన్‌కు తట్టింది, ఆమెకు కాదు. ఎవరూ తొందరపెట్టకుండా ఉంటే ఇంకెన్నాళ్ళకు ఆమె అక్కడికి చేరేది అన్నది ఊహ మాత్రమే. అలాంటి ఊహల మీద గౌరవం నిలబెట్టాల్సిన అవసరం ఆమెకు లేదు.

1953 ఏప్రిల్ 25 నాటి 'నేచర్' పత్రికలో మూడు వ్యాసాలు వరసగా వచ్చాయి. మొదటిది వాట్సన్, క్రిక్‌లది. రెండోది విల్కిన్స్ బృందానిది. మూడోది ఫ్రాంక్లిన్, గాస్లింగ్‌లది. ఆ వరసే అందరినీ ముంచింది. మొదటి వ్యాసంలో నమూనా ఉంది, ఆధారం లేదు. ఆధారం ఉన్న వ్యాసం మూడోదైనందువల్ల మొదటిదాన్ని సమర్థించడానికి వచ్చినట్టు కనిపించింది. ఏది ముందు అచ్చవుతుంది అన్న చిన్న సంపాదక నిర్ణయం చరిత్రను ఎలా రాస్తుందో పత్రికలు నడిపేవాళ్ళకు తెలుసు.

అప్పట్లోనే ఇంకోలా రాసినవాళ్ళు ఉన్నారు. 1953లో 'టైమ్' పత్రిక కోసం జోన్ బ్రూస్ అనే లండన్ పాత్రికేయురాలు ఒక వ్యాసం తయారు చేసింది. అందులో కింగ్స్ బృందం, కేంబ్రిడ్జి బృందం ఒకే ప్రశ్నను రెండు వైపుల నుంచి పట్టుకున్న సమానులు. ఫ్రాంక్లిన్ ఆ బృందంలో పూర్తి భాగస్వామి. ఆ వ్యాసం అచ్చు కాలేదు. సైన్సు చరిత్రకారులు మాథ్యూ కాబ్, నథానియల్ కంఫర్ట్ దాన్ని వెలికితీసి 2023లో దాని గురించి రాశారు. ఒక స్త్రీ రాసిన ఆ కాగితాలు డెబ్బై ఏళ్ళు ఫైళ్ళలో ఉండిపోయిన కాలంలోనే ఒక మగవాడి నవల ప్రపంచమంతా తిరిగింది. మధ్యలో 1975లో ఫ్రాంక్లిన్ స్నేహితురాలు ఆన్ సేర్ కోపంతో ఒక పుస్తకం రాసింది. 2002లో బ్రెండా మాడాక్స్ నిదానంగా ఇంకొకటి రాసింది. సేర్ పుస్తకంలో అతిశయోక్తులున్నాయి. అయినా ఆ కోపమే లేకపోతే మాడాక్స్ నిదానానికి చోటుండేది కాదనుకుంటాను.

ఫ్రాంక్లిన్ 1953 మార్చిలోనే బిర్క్‌బెక్ కళాశాలకు వెళ్ళిపోయింది. ఇక డీఎన్‌ఏ గురించి ఆలోచించవద్దని కూడా రాండల్ ఆమెకు ఉత్తరం రాశాడు. (ఆలోచనను ఎలా ఆపాలో మాత్రం చెప్పలేదు.) అక్కడ ఆమె పొగాకు మొక్కలకు తెగులు తెచ్చే వైరస్ నిర్మాణం మీద పనిచేసింది. చివరి రెండేళ్ళు అండాశయ క్యాన్సర్‌తో, చికిత్సల మధ్యే పనిచేస్తూ, 1958 ఏప్రిల్ 16న ముప్ఫై ఏడో ఏట చనిపోయింది. సమాధి రాతి మీద ఆమెను శాస్త్రజ్ఞురాలని చెప్పారు, వైరస్‌ల మీద చేసిన కృషిని చెప్పారు, డీఎన్‌ఏ ఊసు లేదు. 1962లో నోబెల్ ముగ్గురు మగవాళ్ళకూ వచ్చింది. ఆమెతో కలిసి వైరస్‌ల మీద పనిచేసిన ఆరన్ క్లుగ్‌కు 1982లో వచ్చింది.

ఆమె చనిపోయిన ఏడాదే డీఎన్‌ఏ తనను తాను ఎలా నకలు చేసుకుంటుందో మెసెల్సన్, స్టాల్ ప్రయోగంతో చూపించారు. రెండు పేటలూ విడిపోతాయి, ఒక్కొక్క పాత పేటను చూసి ఒక్కొక్క కొత్త పేట తయారవుతుంది. వినడానికి సులువుగానే ఉంది. చిక్కల్లా ఆ ఎదురు నడకతోనే. నకలు రాసే ఎంజైము ఒక్క దిక్కులోనే రాయగలదు, మనం ఎడమ నుంచి కుడికే రాసినట్టు. ఒక పేటను ఏకధాటిగా రాసుకుంటూ పోతుంది. రెండో పేట సంగతేమిటి? జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఒకజాకి దంపతులు, రెయిజీ, త్సునెకో, 1960ల చివర్లో దీనికి జవాబిచ్చారు. రెండో పేటను చిన్న చిన్న ముక్కలుగా రాసి తర్వాత అతికిస్తారు. పుస్తకాల్లో వాటిని 'ఒకజాకి ముక్కలు' అంటారు. ఆ పేరు చదివినప్పుడు ఎంతమందికి అది ఇద్దరి ఇంటిపేరని తడుతుంది? 1945లో హిరోషిమాలో అణుబాంబు ప్రభావానికి గురైన రెయిజీ 1975లో లుకేమియాతో, నలభై నాలుగేళ్ళకే పోయాడు. ఇద్దరు పిల్లలతో మిగిలిన త్సునెకో ప్రయోగశాలను వదల్లేదు. ప్రతి ముక్కా ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ తునకతో మొదలవుతుందని విద్యార్థులతో కలిసి రుజువు చేసింది. జపాన్ ప్రభుత్వం సంస్కృతీ పురస్కారంతో ఆమెను 2021లో గౌరవించింది.

ఇక జన్యువు పనిచేసే తీరు. ఇక్కడ వాడే మాటలన్నీ మన ఇంటివే. డీఎన్‌ఏలో ఉన్నదాన్ని ఆర్‌ఎన్‌ఏగా ఎత్తి రాయడం అనులేఖనం. ఆ ఆర్‌ఎన్‌ఏను మూడేసి అక్షరాల చొప్పున చదివి ప్రోటీనుగా మార్చడం అనువాదం. అరవై నాలుగు మూడక్షరాల మాటలు, ఇరవై అమైనో ఆమ్లాలు. కాబట్టి పర్యాయపదాలు బోలెడు. శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ ఒకే గ్రంథం ఉంది, కానీ కంటిలోని కణం, కాలేయంలోని కణం వేరువేరు పుటలు తెరుస్తాయి. ఏ పుట తెరవాలో, ఏది మూయాలో నిర్ణయించేది ఎవరు? డీఎన్‌ఏను ఆజ్ఞలిచ్చే యజమానిగా, మిగతా కణాన్ని చెప్పింది చేసే ఇల్లాలిగా చూపించే భాషను ఎవెలిన్ ఫాక్స్ కెల్లర్ లాంటి స్త్రీవాద సైన్సు చరిత్రకారులు గట్టిగా ప్రశ్నించింది ఈ చోటే. మూసేసిన పుటల గురించి మొదట స్పష్టంగా రాసినవాళ్ళలో ఒకరు మేరీ లయన్.

ఆమె కూడా కేంబ్రిడ్జిలో యుద్ధకాలంలో చదివి, పేరుకు మాత్రమే పట్టా పుచ్చుకున్న మనిషే. ఆడవాళ్ళకు రెండు ఎక్స్ క్రోమోజోములు, మగవాళ్ళకు ఒక ఎక్స్, ఒక వై. (బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోము. దీనికి ఆధారం 1905లోనే నెట్టీ స్టీవెన్స్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞురాలు పిండి పురుగుల్లో చూపించింది. నూట ఇరవై ఏళ్ళు దాటినా మన ఇళ్ళల్లో ఆడపిల్లను కన్నందుకు కోడలే మాటలు పడుతోంది.) మరి ఆడవాళ్ళ కణాల్లో ఎక్స్ జన్యువులన్నీ రెండింతలు పనిచేయాలి కదా? చేయవు. పిండం తొలి రోజుల్లోనే ప్రతి కణమూ తన రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని మూసేస్తుంది, ఏది అన్నది చీటీ తీసినట్టే. ఆ కణానికి పుట్టిన కణాలన్నీ అదే నిర్ణయం పాటిస్తాయి. హార్వెల్‌లో మచ్చల ఎలుకల బొచ్చును చూస్తూ 1961లో లయన్ చెప్పిన మాట ఇది, 'నేచర్'లో ఒక చిన్న లేఖగా వచ్చింది. కొందరు పెద్దలు చాలా ఏళ్ళు ఒప్పుకోలేదు. అంటే ప్రతి స్త్రీ శరీరంలోనూ కొన్ని కణాలు తల్లి ఇచ్చిన ఎక్స్‌తో, కొన్ని తండ్రి ఇచ్చిన ఎక్స్‌తో నడుస్తుంటాయి. కొన్ని జన్యువులు మూసిన ఎక్స్‌లోనూ మెలకువగానే ఉంటాయి. ఈ మూసివేతకు కారణమైన జన్యువు 1991లో దొరికింది. అది ప్రోటీనుగా అనువాదం కాదు, ఆర్‌ఎన్‌ఏగానే ఆ క్రోమోజోమును కప్పేస్తుంది. లూపస్ రోగుల్లో పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్ళే ఎందుకన్న ప్రశ్నకు జవాబు కొంత ఈ కప్పులోనే ఉందని 2024లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఎలుకల్లో చేసిన ప్రయోగాలతో చూపించారు.

లయన్ తన లేఖలో పిల్లులను కూడా ప్రస్తావించింది. నలుపు, నారింజ మచ్చలు కలిసిన పిల్లి మన వీధుల్లోనూ తిరుగుతుంది. అది దాదాపు ఎప్పుడూ ఆడపిల్లే. నలుపు ఉన్నచోట ఒక ఎక్స్ పనిచేస్తోంది, నారింజ ఉన్నచోట ఇంకొకటి. ఆ నారింజ రంగు జన్యువు ఎక్స్ మీదే ఉంటుందని వందేళ్ళ కిందటే ఊహించారు గాని, అది సరిగ్గా ఏదో జపాన్‌లో ఒక బృందం, అమెరికాలో ఒక బృందం 2025లో ప్రకటించాయి. లయన్ అప్పటికి లేదు, 2014 క్రిస్మస్ నాడు చనిపోయింది.